ఆగగలిగినవారికే ఆఫీసరు కొలువు

గత వేసవిలో ఒక పెళ్లి నిమిత్తం వజ్రపుకొత్తూరు తీరంలోని ఒక మత్స్యకార పల్లెలో రెండు రోజులు గడపవలసివచ్చింది. తెల్లవారుజామున నాలుగున్నరకే ఇసుకలో అడుగుల చప్పుడు వినిపించి బయటికి వచ్చాను. ఇరవై మంది దాకా కుర్రాళ్లు జీడితోట అంచు నుంచి పడవల రేవు వరకు, రేవు నుంచి తిరిగి తోట వరకు పరుగెత్తుతున్నారు. ఒకడు సెల్‌ఫోనులో సమయం చూస్తూ అరిచి చెబుతున్నాడు. సైనిక ర్యాలీలో 1.6 కిలోమీటర్లను అయిదున్నర నిమిషాల్లో పూర్తిచేసినవాడికి 60కి 60 మార్కులు. ఇసుకలో ఆరు నిమిషాలకు వచ్చినవాడు మైదానంలో అయిదున్నరకు వస్తాడని వారి లెక్క.

పరుగు ముగిశాక వారిలో ఒక కుర్రవాడితో మాట కలిపాను. వయసు పద్దెనిమిది. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో సి.ఇ.సి. గ్రూపుతో ఇంటర్మీడియట్ పూర్తిచేశాడు. ఆఫీసరుగా చేరడానికి కూడా పరీక్ష ఉందని తెలుసా, రాశావా అని అడిగాను. అతడు ఆశ్చర్యపోలేదు, సిగ్గుపడలేదు కూడా. ‘అది మనోళ్లకి కాదు మాస్టారూ’ అన్నాడు. మనోళ్లంటే ఎవరని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. కొంతసేపటికి తనే చెప్పాడు: ‘నాన్నకి వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. ఆ పరీక్ష రాసి, ఆళ్లు పిలిసి, ట్రైనింగ్ అయ్యీసరికి నాలుగేళ్లు. అప్పటిదాకా ఇల్లెలాగ?’

ఉద్దానం తెలిసినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల వ్యాధి ఒక తరాన్ని తినివేసింది. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ కూల్చి, మిగిలిన ఆధారాన్ని కూడా తుడిచిపెట్టింది. పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రంతో కూడిన ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. డయాలసిస్ రోగులకు నెలకు పదివేల రూపాయల పింఛను అందుతోంది. అయినా ఇంటి యజమాని మంచాన పడిన కుటుంబంలో పదిహేడేళ్ల కొడుకే సంపాదనపరుడు. అటువంటి ఇంట్లో అతడు సిపాయి కావాలా, ఆఫీసరు కావాలా అన్న ప్రశ్న పుట్టనే పుట్టదు. పుట్టకుండా చేసినదేమిటన్నదే నా ఆలోచన.

సిపాయి కొలువు తక్కువని నేను అనడం లేదు. ఈ జిల్లా నుంచి సైన్యంలో చేరినవారి త్యాగం ముందు ఆ మాట అనే అర్హత విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పుకునే నాకు లేదు. కానీ ఒకే వయసువారు, ఒకే దేశం కోసం చేరుతున్నవారు, ఒకరు ఆజ్ఞ ఇచ్చే చోటికి, మరొకరు ఆజ్ఞ పాటించే చోటికి ఎలా చేరుకుంటున్నారో పరిశీలించవలసిందే. బలానికీ ధైర్యానికీ అందులో పెద్దగా పాత్ర లేదు. ఆఫీసరు దారి అడిగేది ప్రధానంగా రెండింటిని. ఒకటి, కొన్నేళ్లు సంపాదన లేకుండా ఆగగలగడం. రెండు, ఇంగ్లీషు. ఈ రెండూ మన సమాజంలో కులాన్ని బట్టి పంపిణీ అయినవే.

మొదట ఆగడం సంగతి. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం ప్రకారం పదిహేడున్నరేళ్ల కుర్రవాడు నాలుగేళ్ల కాలానికి చేరవచ్చు. మొదటి ఏడాది నెలజీతం 30 వేలు. అందులో 30 శాతం సేవానిధికి మినహాయిస్తారు కనుక చేతికి వచ్చేది 21 వేలు. నాలుగో ఏడాదికి జీతం 40 వేలు, చేతికి 28 వేలు. చివర్లో ఇచ్చే సుమారు 11.71 లక్షల రూపాయలను ప్రభుత్వ కానుకగా మన ఊళ్లలో చెప్పుకుంటున్నారు గానీ, అందులో వడ్డీ పోగా సగం ఆ కుర్రవాడి జీతం నుంచి కోసినదే. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికులకు ఉండే వైద్య పథకం లేదు. నూటికి ఇరవై అయిదు మందికి మించకుండా మాత్రమే కొలువులో కొనసాగుతారు. పాత పద్ధతిలో చేరిన సిపాయి పదిహేనేళ్లు పనిచేస్తే జీవితాంతం పింఛను తెచ్చుకునేవాడు. టెక్కలి, కాశీబుగ్గ వీధుల్లో కనిపించే చాలా డాబా ఇళ్ల పునాదిలో ఆ పింఛనే ఉంది.

రెండో దారిలో ఎన్.డి.ఎ. ఉంది. పదహారున్నర, పంతొమ్మిదిన్నర ఏళ్ల మధ్య వయసులో యు.పి.ఎస్.సి. పరీక్ష రాసి, సెలక్షన్ బోర్డు దాటి, ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, ఆపై మరో ఏడాది శిక్షణ పొందాలి. చదువు, తిండి, వసతి ప్రభుత్వానివే. అయితే చేరేటప్పుడు కొన్ని వేల రూపాయలు కట్టాలి, మూడేళ్లూ ఇంటికి ఒక్క రూపాయి రాదు. డిగ్రీ తరువాత సి.డి.ఎస్. రాస్తే అకాడమీలో అడుగుపెట్టగానే నెలకు 56,100 రూపాయల స్టైపెండు వస్తుంది గానీ, డిగ్రీ అయ్యేదాకా ఎవరో పోషించాలి. లెఫ్టినెంటుకు మూలవేతనం 56,100, దానిపై మిలిటరీ సర్వీసు పే 15,500. కరవుభత్యం కలపకుండానే అగ్నివీరుడి చేతికి వచ్చేదానికి మూడు రెట్ల పైమాటే. ఆఫీసరయినంత మాత్రాన అందరికీ పింఛను ఉండదన్నది కూడా చెప్పాలి. షార్ట్ సర్వీసు కమిషన్‌లో చేరినవారు పది, పద్నాలుగేళ్లకు పింఛను లేకుండానే బయటికి వస్తారు. అయినా ముప్ఫై ఏడేళ్ల వయసులో మేజరో లెఫ్టినెంట్ కర్నలో అనిపించుకుని వచ్చినవాడికీ, ఇరవై రెండేళ్లకు అగ్నివీరుడిగా తిరిగి వచ్చి పలాస జీడిపప్పు కర్మాగారం గేటు దగ్గర సెక్యూరిటీ పని అడిగేవాడికీ సమాజం ఇచ్చే కుర్చీలు వేరు.

ఆగగలగడాన్ని మనం ఓర్పు అనే సుగుణంగా పిల్లలకు బోధిస్తుంటాం. నిజానికి అది ఆస్తి. తాత ఉపాధ్యాయుడు, తండ్రి బ్యాంకు ఉద్యోగి అయిన ఇంట్లో ఇరవై నాలుగేళ్ల కొడుకు ఇంకా పరీక్షలు రాస్తున్నాడంటే ‘సిద్ధమవుతున్నాడు’ అంటారు. వలవేసే ఇంట్లోనో, జీడిపిక్కలు ఒలిచే ఇంట్లోనో అదే వయసు కొడుకును ‘ఖాళీగా ఉన్నాడు’ అంటారు. ఉద్దానం మత్స్యకారులు వేటకోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయి, 2018 నవంబరులో పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో గానీ ఇల్లు చేరని సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. బతుకు అంత దూరం తరిమే చోట ఆగడం ఎవరి వల్ల అవుతుంది?

ఇక భాష. ఇక్కడ ఒక వైచిత్రి ఉంది. అగ్నివీర్ ఉమ్మడి ప్రవేశ పరీక్షను 2025 నుంచి తెలుగుతో సహా పదమూడు భాషల్లో నిర్వహిస్తున్నారు. ఆహ్వానించదగ్గ నిర్ణయం. కానీ ఎన్.డి.ఎ., సి.డి.ఎస్. ప్రశ్నపత్రాలు ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాత్రమే ఉంటాయి. అంటే, ఆజ్ఞ పాటించడానికి తెలుగు చాలునట, ఆజ్ఞ ఇవ్వడానికి చాలదట. ఈ పరీక్షలు నిర్వహించే యు.పి.ఎస్.సి.యే సివిల్ సర్వీసుల మెయిన్ పరీక్షను తెలుగులో రాయనిస్తుంది, మౌఖిక పరీక్షలో తెలుగులో మాట్లాడనిస్తుంది. ఒక జిల్లాను పాలించబోయే కలెక్టరును తెలుగులో పరీక్షించగలిగిన సంస్థకు, ముప్ఫై మంది జవాన్ల ప్లటూన్‌ను నడిపే లెఫ్టినెంటును తెలుగులో పరీక్షించడం అసాధ్యమా? సైన్యంలో ఉమ్మడి భాష అవసరమనే వాదన సబబే. ఆ భాషను శిక్షణలో నేర్పవచ్చు. సిపాయికి హిందీ నేర్పుతున్నది అలాగే కదా.

భాష కంటే ముందే మరో గోడ ఉంది. ఎన్.డి.ఎ. రాతపరీక్ష 900 మార్కుల్లో 300 గణితానివి. పదో తరగతి కాగానే సి.ఇ.సి.యో హెచ్.ఇ.సి.యో తీసుకున్న పిల్లవాడు ఆ 300 మార్కులను పదిహేనో ఏట, తనకు తెలియకుండానే, వదులుకున్నట్టే. ఆ గ్రూపుల్లో ఏ సామాజిక వర్గాల పిల్లలు నిండి ఉంటారో మన జూనియర్ కళాశాలల అధ్యాపకులకు చెప్పనక్కరలేదు. సి.డి.ఎస్.లో చెన్నై అకాడమీకి మాత్రం గణితం పేపరు లేదు. ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జి చాలు. అన్ని గ్రూపుల వారికీ తెరిచి ఉన్న ఈ తలుపు గురించి నేను అడిగిన డిగ్రీ విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. గ్రామాల్లో వెలసిన శిక్షణ శిబిరాలు పరుగు నేర్పుతాయి, పుల్‌అప్స్ నేర్పుతాయి, ఈ సంగతి చెప్పవు. వారి రాబడి ర్యాలీ మీదనే ఉంది మరి.

రాతపరీక్ష గట్టెక్కినవాడిని అయిదు రోజుల సెలక్షన్ బోర్డు పరీక్షిస్తుంది. మొదటి రోజే ఒక మసక బొమ్మ చూపి, కథ రాయించి, బృందంలో చర్చించమంటారు. అందులో నెగ్గనివారు అదే రోజు సాయంత్రం రైలెక్కుతారు. మిగిలినవారికి తెరపై అరవై పదాలు, ఒక్కోదానికి పదిహేను సెకన్లు, ఆలోపు వాక్యం రాయాలి. తండ్రి చదువెంత, వృత్తి ఏమిటి, ఆదాయం ఎంత, మీరు ఏ ఆటలు ఆడారు, ఏ సంఘానికి నాయకత్వం వహించారు అని ఒక పత్రంలో ముందే నింపిస్తారు. అక్కడి అధికారులు కులం చూస్తారని నేను ఆరోపించను. చూడరనే నా నమ్మకం కూడా. కానీ వారు చూసేది తొణకని నడక, తడుముకోని మాట, అపరిచితుల మధ్య చనువుగా వాదించే ధీమా. ఇవి ఏ ఇళ్లలో భోజనాల బల్ల దగ్గరే అలవడతాయో, ఏ ఇళ్లలో పెద్దల ఎదుట నోరు మెదపకపోవడమే మర్యాదగా నేర్పుతారో ఆలోచించండి. నా విద్యార్థి ఒకడు, దళితుడు, మందస ప్రాంతం వాడు, మొదటి రోజే వెనక్కి పంపబడ్డాడు. అతడి మాట ఇప్పటికీ గుర్తుంది: ‘కథ నాకు తట్టింది సార్. చర్చలో నా వంతు వచ్చేలోగా సమయం అయిపోయింది.’ వంతు వస్తుందని ఎదురుచూడటం అతడి తప్పు. అక్కడ ఎవరి వంతూ రాదు, లాక్కోవాలి. ఆ సంగతి అతడికి చెప్పనిది నేను. చెప్పడానికి అప్పటికి నాకూ తెలియదు.

సైన్యానికి కులం అంటగట్టవద్దని కొందరు మిత్రులు అంటారు. అంటగట్టినది మనం కాదు. ప్లాసీ యుద్ధకాలంలో మద్రాసు నుంచి క్లైవ్ వెంట బెంగాల్ వెళ్లిన సిపాయిల్లో తెలుగువారు ఉన్నందువల్లనే ఉత్తరాదిన సిపాయిని ‘తిలంగా’ అన్నారు. 1857 నాటికి కూడా ఆ పేరు నిలిచింది. అదే తెలుగువాడిని 19వ శతాబ్దం చివర్లో ‘యుద్ధజాతి’ కాదని పక్కకు నెట్టారు. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్ ఆ సిద్ధాంతానికి ప్రధాన ప్రచారకుడు. అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు హోదాలో సైనిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు. ఆ పాఠశాలలు మహర్ కుటుంబాలకు అక్షరాన్ని ఇచ్చాయి. 1890లలో అదే సైన్యం మహర్లకు తలుపు మూసింది. మహర్ రెజిమెంటు ఏర్పడటానికి 1941 దాకా పట్టింది. ఇక ఆ రోజుల్లో ఏ కులంవాడైనా భారతీయ సిపాయి ఎదుగుదల సుబేదార్ మేజరు దగ్గర ఆగేది. ముప్ఫై ఏళ్లు పనిచేసిన సుబేదారు కూడా నిన్నగాక మొన్న వచ్చిన తెల్ల లెఫ్టినెంటుకు సెల్యూటు కొట్టవలసిందే. మనవారికోసం డెహ్రాడూన్ అకాడమీ తెరుచుకున్నది 1932లో. తెల్లవాడు పోయాడు, ఆ గీత మాత్రం అక్కడే ఉంది. దాని పైన ఎవరున్నారు, కింద ఎవరున్నారు అని అడిగితే సమాధానం లేదు.

సమాధానం లేకపోవడానికి కారణం లెక్కలు లేకపోవడం కాదు. 2022 జులైలో అగ్నివీర్ దరఖాస్తుదారుల నుంచి కుల ధ్రువపత్రం ఎందుకు అడుగుతున్నారని ప్రతిపక్షాలు ప్రశ్నించినప్పుడు, అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతేనని సైన్యం చెప్పింది. కులం పేరుతో రెజిమెంట్లు నేటికీ ఉన్నాయి. రిజర్వేషన్లు మాత్రం సైనిక నియామకాలకు వర్తించవు. కులం వివరం సేకరిస్తారు, వాడవలసిన చోట వాడతారు, ఆఫీసర్లలో ఎస్సీలు ఎందరు, ఎస్టీలు ఎందరు, బీసీలు ఎందరు అన్న లెక్క మాత్రం ప్రజల ముందు పెట్టరు. సెలక్షన్ బోర్డులో కోటా పెట్టాలా వద్దా అన్న చర్చలోకి నేను ఇప్పుడే వెళ్లను. ముందు ఆ లెక్క బయటపెట్టమంటున్నాను. ప్రతిభకే పట్టం కడుతున్నామన్నవారు ఆ లెక్కకు జంకవలసిన పని లేదు.

ఇద్దరు తెలుగు అమరులను ఇక్కడ తలచుకోవాలి. సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్‌బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణమర్పించారు. ఆయన తండ్రి బ్యాంకు ఉద్యోగి. కొడుకును చిన్నతనంలోనే విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో చేర్పించారు. శ్రీసత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన మురళీ నాయక్ 2025 మేలో నియంత్రణ రేఖ వద్ద ప్రాణమర్పించాడు. తల్లిదండ్రులు ముంబయిలో కూలిపని చేసుకుని బతికినవారు. అతడు అగ్నివీరుడు. సాధారణ సిపాయి కుటుంబానికి దక్కే పింఛను అగ్నివీరుడి కుటుంబానికి ఎందుకు దక్కదని ఆ తల్లి బొంబాయి హైకోర్టు తలుపు తట్టవలసివచ్చింది. ఇద్దరి త్యాగంలోనూ ఎక్కువ తక్కువలు లేవు. ఆ ఇద్దరూ సైన్యంలోకి నడిచివచ్చిన దారులు మాత్రం తమ తండ్రుల వృత్తుల దగ్గరే విడిపోయాయి.

కోరుకొండ మనకు దూరం కాదు. 1962 నుంచి ఉంది. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు ఏడున్నర శాతం సీట్లతో పాటు 2021 నుంచి ఓబీసీలకు 27 శాతం సీట్లు కూడా ఉన్నాయి. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష తెలుగులో రాయవచ్చు. తొమ్మిదో తరగతికి అయితే ఇంగ్లీషే. అంటే తెలుగు బడి పిల్లవాడికి అవకాశం పది, పన్నెండేళ్ల మధ్య ఒక్కసారే. ఆ వయసులో ఆ కబురు ఏ పల్లెకు చేరుతుంది? ఏడాదికి లక్ష దాటే ఫీజు మాట వినగానే, ఉపకారవేతనం ఉందన్న సంగతి తెలియక, ఎంతమంది తండ్రులు వెనక్కి తగ్గుతారు?

ఈ ప్రాంతం నుంచి ఆఫీసర్లు రాలేరని కాదు. సంతబొమ్మాళి మండలానికి చెందిన మేజర్ మళ్ల రామ్‌గోపాల్ నాయుడుకు 2024లో కీర్తిచక్ర ప్రకటించారు. టెక్కలి చుట్టుపక్కల ఆయన ఫ్లెక్సీలు కట్టారు, ఊరేగించారు. ఆ ఫ్లెక్సీ కింద నిలబడి ఫోటో దిగిన కుర్రాళ్లలో ఒక్కరికైనా, ఆయన ఆ హోదాకు ఏ పరీక్ష రాసి చేరాడో ఎవరైనా చెప్పారా అన్నది నా సందేహం.

చెప్పే పని ప్రభుత్వాలు తలచుకుంటే అవుతుంది. మహారాష్ట్ర 1977లోనే ఔరంగాబాద్‌లో ఎన్.డి.ఎ.కు సిద్ధంచేసే సంస్థను సొంత ఖర్చుతో పెట్టుకుంది. పంజాబ్ 2011లో మొహాలీలో పెట్టింది, తరువాత ఆడపిల్లలకు వేరుగా మరొకటి. మన పక్కనే తెలంగాణ తన సాంఘిక సంక్షేమ గురుకులాల కింద కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో సైనిక పాఠశాలను, భువనగిరిలో అమ్మాయిల కోసం సాయుధ దళాల సన్నాహక డిగ్రీ కళాశాలను నడుపుతోంది. దళిత బాలిక యూనిఫాం వేసుకుని ఇంగ్లీషులో ధాటిగా వాదించడం అక్కడ చూశాను. గురుకులం చేయగలిగిన పని అది. పలాస, టెక్కలి మధ్య అటువంటి ఒక్క సంస్థ పెట్టడానికి కావలసింది పెద్ద బడ్జెటు కాదు. ఉన్న బీసీ, ఎస్సీ గురుకులాల్లో ఒకదానిని ఎనిమిదో తరగతి నుంచి ఆ పనికి కేటాయిస్తే చాలు. మూడు నాలుగేళ్లు ఆగవలసిన ఇంటికి నెలకు కొంత భృతి ఇచ్చి ఆగగలిగేలా చేయడం కూడా అందులో భాగం కావాలి. లేకుంటే సంస్థ ఉన్నా పిల్లవాడు ర్యాలీకే పోతాడు. సిపాయిగా చేరినవాడు పైకి రావడానికి డెహ్రాడూన్‌లో ఆర్మీ క్యాడెట్ కాలేజీ ఉంది. నాలుగేళ్ల అగ్నివీరుడికి ఆ దారిలో చోటెంతో కేంద్రం ప్రతి నియామక ప్రకటనలో తెలుగులో స్పష్టంగా అచ్చువేయాలి.

మొదట చెప్పిన కుర్రవాడు ఆ ఏడాది ర్యాలీలో నెగ్గాడు. శిక్షణకు వెళ్లేముందు ఫోన్ చేసి ఆశీర్వాదం అడిగాడు. ఇప్పుడు జీతంలో నుంచి ఇంటికి పంపుతున్నాడు. అతడి చెల్లెలు ఇంటర్మీడియట్ రెండో ఏడాదిలో ఉంది. అన్నలా కాక ఎం.పి.సి. తీసుకుంది. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఎన్.డి.ఎ.లోకి అమ్మాయిలకు ప్రవేశం లభించిందనీ, 2025 మేలో తొలి దళంగా పదిహేడుగురు బయటికి వచ్చారనీ అన్న ద్వారా ఆమెకు కబురు పంపాను. వారం తరువాత ఆమే ఫోన్ చేసింది. ‘లెక్కల పేపరు తెలుగులో ఉండదా మాస్టారూ?’ అని అడిగింది. ఉండదన్నాను. కాసేపు ఆగి, సమితులు, మాత్రికలు, సంభావ్యత వంటి మాటలకు ఇంగ్లీషులో ఏమంటారో జాబితా రాసి పంపగలరా అని అడిగింది. ఆ రాత్రే కూర్చుని రాశాను. రెండు వందల పన్నెండు మాటలయ్యాయి.